కృష్ణపట్నం నలుసు

నెల్లూరు పేరు చెప్పగానే తెలుగువారికి ముందు గుర్తుకు వచ్చేది మొలగొలుకుల బియ్యం. తరువాత చేపల పులుసు. ఆ తరువాత, కాస్త చదువుకున్నవారయితే, మనుమసిద్ధి కొలువులోని తిక్కన సోమయాజి. సముద్రం సంగతి నాలుగో స్థానంలోగాని రాదు. పట్టణానికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే సముద్రమున్నా, నెల్లూరివారు దాన్ని కార్తీకమాసంలో ఒకసారి, వేసవిలో ఒకసారి మైపాడు వెళ్ళి పలకరించి వస్తారు. అంతకు మించిన చనువు లేదు. నేను చదువరులను తీసుకుపోదలచింది మైపాడుకు కాదు. దానికి దక్షిణంగా, ముత్తుకూరు మీదుగా వెళ్ళే కృష్ణపట్నానికి. అక్కడికి విహారానికని ఎవరూ పోరు. నన్ను తీసుకుపోయింది నా చిన్ననాటి స్నేహితుడు. నెల్లూరిలో ఊపిరితిత్తుల జబ్బులు చూసే డాక్టరు. "ఏమోయ్ పంతులూ, ఎప్పుడూ పుస్తకాల దుమ్మేనా, ఒకసారి అసలు దుమ్ము చూద్దువుగాని రా," అని ఒక మాఘమాసపు ఆదివారంనాడు కారెక్కించాడు.

ముత్తుకూరు దాకా దారి కన్నులపండువు. రెండువైపులా వరి, పొట్టవిప్పి తలవంచుతున్నది. వరి తరువాత రొయ్యల గుంటలు. వాటిలో గాలి కలిపే చక్రాలు నీళ్ళను చిమ్ముతూ తిరుగుతుంటాయి. మత్స్యశాస్త్ర కళాశాల కూడా ముత్తుకూరులోనే ఉన్నది. ఆ ఊరు దాటిన తరువాత దారి స్వభావం మారుతుంది. ఎదురయ్యేవన్నీ లారీలే. టార్పాలిన్ కప్పినవి కొన్ని, కప్పినట్టు నటించేవి కొన్ని. రోడ్డు వార తుమ్మచెట్లకు ఆకుపచ్చ రంగు పైకొమ్మల్లో మాత్రమే మిగిలింది. కిందికొమ్మలు ఎవరో సున్నంలో మసి కలిపి పూసినట్టున్నాయి. మావాడు కారు అద్దాలు ఎత్తేశాడు.

కృష్ణపట్నం నిన్న పుట్టిన రేవు కాదు. తెలుగు చోళుల కాలపు శాసనాల్లో దీన్ని కొల్లితురై అనీ, గండగోపాలపట్టణమనీ పేర్కొన్నారు. గండగోపాలుడన్నది ఆ వంశపు రాజుల బిరుదు. అప్పట్లో ఇక్కడ ఓడలు దిగినవి కండలేరు సముద్రంలో కలిసేచోట ఏర్పడిన ఉప్పుటేరులో. తరువాత బకింగ్‌హాం కాలువ వచ్చింది. మద్రాసు దగ్గర 1806లో మొదలయిన ఆ తవ్వకం, 1876-78 నాటి ధాతుకరువులో కూటికి లేనివారికి పని చూపించడం కోసం ఉత్తరాదికి సాగింది. మా తాతగారి తరంవారికి ఆ కాలువంటే మద్రాసుకు కట్టెలు, ఉప్పు, బియ్యం మోసుకుపోయే తెరచాప పడవలు. ఇప్పుడు చాలాచోట్ల అది పూడి, జమ్ము పెరిగి, కాలువ అన్న పేరొక్కటే మిగుల్చుకున్నది.

ఇప్పటి రేవు 2008లో ప్రారంభమయింది. దానికి కావలసిన బొగ్గు బేరం వెంటనే వచ్చింది. నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్యగారి పేరిట కట్టిన ప్రభుత్వరంగ విద్యుత్కేంద్రంలో 800 మెగావాట్ల యంత్రాలు రెండు 2015లో పని మొదలుపెట్టాయి. అంతే శక్తిగల మూడోదాన్ని 2022 అక్టోబరులో ప్రారంభించారు. పైనంపురం దగ్గర 2,640 మెగావాట్ల ప్రైవేటు కేంద్రం ఉన్నది. తమ్మినపట్నం వైపు మరికొన్ని. కనుచూపు మేరలో ఇన్ని పొగగొట్టాలున్నచోటు తెలుగునాట అరుదు. నేను ఈ వ్యాసం రాసుకుంటున్న దీపం, నెత్తిన తిరుగుతున్న పంకా వాటి చలవేనేమో. ఆ మాట మరిచిపోయి బొగ్గును తిట్టడం సులభం, న్యాయం కాదు.

ఈ ఊరిని గురించి మరొక ముచ్చట చదువరులకు గుర్తుండే ఉంటుంది. 2021 మే నెలలో, కరోనా రెండోసారి విజృంభించి మనుషులు ప్రాణవాయువు కోసం ఆసుపత్రుల గుమ్మాల్లో పడిగాపులు పడుతున్నప్పుడు, ఆనందయ్యగారి ఆకుపసరు మందు కోసం వేలాదిమంది వచ్చి చేరింది ఈ కృష్ణపట్నానికే. మందు గుణదోషాల చర్చ ఇక్కడ పెట్టుకోను. ఊపిరాడనివాళ్ళు ఊపిరి వెతుక్కుంటూ ఈ గాలికే వచ్చారన్న సంగతి మాత్రం ఆ దారిలో పోతుంటే తట్టకుండా ఉండదు.

రేవు గోడకూ పొగగొట్టాలకూ నడుమ ఉన్న ఒక పల్లెలో ఆగాము. పల్లె పేరు చెప్పను. అక్కడివాళ్ళు అడగలేదుగాని, చెప్పకపోతేనే మంచిదనిపించింది. ఏభై అరవై గడపలు. సగం చేపలవేట, సగం కూలి. రేవులోనూ, విద్యుత్కేంద్రాల్లోనూ పనికి పోయేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మేము వెళ్ళేసరికి పొద్దు పది గంటలయింది. ఒక ముసలమ్మ గుమ్మం ముందు తెల్లవారుజామున వేసిన ముగ్గు వంక చూస్తూ కూర్చుని ఉంది. ముగ్గుపిండి తెలుపు, ఆ మూడు నాలుగు గంటల్లోనే, కాల్చిన కాగితం రంగుకు దిగింది.

"రోజూ ఇంతేనా అమ్మా?" అన్నాను.

"గాలిని బట్టి నాయనా. సముద్రం మీద నించి వస్తే ఇట్టుంటాది. పడమటి గాలయితే తావలేదు. వానలకాలం మేలు, అంతా కడుక్కోని పోతాది," అన్నది. అని, దండెం మీద ఆరవేసిన పసిపిల్ల జుబ్బాను తీసి దులిపి, లోపలివైపు నాకు చూపించింది. "బయటివైపు కాదు చూడాల్సింది, లోపలివైపు. ఆడికి కూడా పోతాది."

ఈ ముసలమ్మకు ఎవరూ సైన్సు చెప్పి ఉండరు. కాని, ఆ రోజు మావాడు నాకు గంటసేపు బోధించినదంతా ఆమె ఆ ఒక్క మాటలో చెప్పేసింది. పైన పడే ధూళి సంగతి వేరు, లోపలికి పోయే ధూళి సంగతి వేరు.

తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గనుక నాకు మాటల మీదికి ధ్యాస పోతుంది. ధూళికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. దారిలో లేచేది దుమ్ము. కర్రను పురుగు తొలిస్తే రాలేది నుసి. పొయ్యిలో మిగిలేది బూడిద, అది కుంపటి మీద సన్నగా కప్పితే నివురు. గోడకు పట్టేది మసి, ఇంటి చూరుకు వేలాడేది బూజు. కంటిలో పడేది నలుసు. ఇవన్నీ కంటికి కనిపించేవో, కంటికి తగిలేవో. కిటికీలోంచి పడే ఎండపొడలో ఆడుతూ కనిపించే రేణువును మన పూర్వులు త్రసరేణువన్నారు. మనుస్మృతిలో తూనికలన్నీ దానినుంచే మొదలవుతాయి. కంటికి కనిపించేవాటిలో కడపటిది అదే గనుక కొలతలకు మొదటిమెట్టు అదే అయింది. దానికంటె సన్నని ధూళికి ఇంట్లో వాడుకునే మాటంటూ లేకపోయింది. అవసరం పడలేదు కాబోలు.

ఇప్పుడు పడింది. వైద్యులు ధూళిని రంగునుబట్టి కాక పరిమాణాన్నిబట్టి లెక్కిస్తారు. మీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాను. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు లోబడిన నలుసులు ఒక తరగతి, రెండున్నర మైక్రాన్లకు లోబడినవి మరొక తరగతి. ఈ రెండోవాటిని ముప్ఫయింటిని వరుసగా పేరిస్తే ఒక వెంట్రుక మందమవుతుందన్నమాట. నెత్తురులోని ఎర్రకణం కూడా వీటికంటె మూడింతలు పెద్దది.

"పెద్దవాటితో నాకు పేచీ లేదు," అన్నాడు మావాడు. "ముక్కులో వెంట్రుకలు కొన్నింటిని పట్టేస్తాయి. గొంతులో జిగురు కొన్నింటిని పట్టేస్తుంది. గాలిగొట్టాల లోపల పరుచుకున్న సన్నని కేశాల్లాటివి, వరిచేను గాలికి ఊగినట్టు ఊగుతూ, ఆ జిగురును పైకి తోసేస్తాయి. దగ్గుతావు, ఉమ్ముతావు, అయిపోయింది. నువ్వు నల్లగా ఉమ్మావంటే నీ ఒళ్ళు తన పని తాను చేస్తున్నదని అర్థం. ఉమ్మిలో కనిపించనివే నాకు భయం."

అవి గాలిగొట్టాల చిట్టచివర ఉండే గాలితిత్తులదాకా పోతాయి. మనిషి రొమ్ములో అటువంటి తిత్తులు ముప్ఫయి కోట్లకు పైమాటే. అక్కడ ఊగే కేశాలు లేవు, జిగురు లేదు. కాపలా కణాలు కొన్ని ఉండి, వచ్చినదాన్ని మింగి అరిగించుకోవాలని చూస్తాయి. పురుగయితే అరుగుతుంది, బూడిద అరగదు. మింగిన కణం చచ్చి, చుట్టూ వాపు పుడుతుంది. మరీ సన్ననివి తిత్తిగోడ దాటి నెత్తురులోనే కలుస్తాయి. అందువల్ల ఈ నలుసు చేసే చేటు రొమ్ముతో ఆగదు. రక్తనాళాల గోడలు గట్టిపడతాయి. గుండెపోటు వస్తుంది, పక్షవాతం వస్తుంది. దుమ్ము అనగానే మనం దగ్గు, ఉబ్బసం అనుకుంటాము. లెక్క తీస్తే గుండె, మెదడు దెబ్బతిని పోయేవారి సంఖ్య కూడా చాలా పెద్దది. లోకం మొత్తం మీద 2021లో గాలిలోని కల్మషం మూలంగా పోయినవారు 81 లక్షలనీ, అందులో మన దేశంవారు 21 లక్షలనీ అంచనా కట్టారు. ఇందులో వంటపొయ్యి పొగ వాటా కూడా ఉన్నది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. నన్నడిగితే ఈ తీరపు కథ మొత్తం ఆ చిక్కులోనే ఉన్నది.

ఆ పల్లెలోనే, మూడిళ్ళ అవతల, ఒకాయన ఆ సంక్రాంతి ముందు గుండె ఆగి పోయాడు. యాభై రెండేళ్ళు. చుట్ట తాగేవాడు. రేవులో పనిచేసేవాడు. ఇంట్లో చాలాకాలం కట్టెలపొయ్యి ఉండేది. ఆ మనిషి దేనివల్ల పోయాడు? ఎవరు చెప్పగలరు? ఆసుపత్రి కాగితంలో గుండెపోటు అని ఉంటుంది, అది నిజమే. బూడిద అని ఎక్కడా ఉండదు. ఏ పొగగొట్టంలోని ఏ నలుసు ఆ గుండెకు చేరిందో ఆ బ్రహ్మకే తెలియాలి. పాము కరిస్తే గాటు ఉంటుంది. నలుసు కరిస్తే గాటు ఉండదు.

ఒక్కొక్క మనిషిని చూస్తే కనిపించనిది వేలమందిని కలిపి చూస్తే కనిపిస్తుంది. లండన్ మహానగరంలో 1952 డిసెంబరు మొదటివారంలో బొగ్గుపొగ మంచుతో కలిసి అయిదురోజులు కదలకుండా నిలిచిపోయింది. ఎదుటి మనిషి కనిపించక బస్సులు ఆగిపోయాయిగాని, ఊళ్ళో జనం రాలిపోతున్నారని వెంటనే ఎవరికీ తట్టలేదు. శవపేటికలకూ పూలకూ కరువొచ్చాక సందేహం పుట్టిందని చెబుతారు. లెక్కలు తీస్తే మామూలు కంటె నాలుగువేలమంది ఎక్కువ పోయారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను పన్నెండువేలదాకా పెంచారు. అమెరికాలో హార్వర్డు పండితులు ఆరు పట్టణాలను ఎన్నుకొని, 8,111 మందిని పద్నాలుగు పదహారేళ్ళు వెంబడించి, 1993లో ఫలితం ప్రకటించారు. చుట్టలు, బీడీలు, వయస్సు, వృత్తి అన్నీ లెక్కలోంచి తీసివేసిన తరువాత కూడా, సన్ననలుసు ఎక్కువగా ఉన్న పట్టణంలో చావులు తక్కువగా ఉన్న పట్టణంకంటె నూటికి 26 వంతులు ఎక్కువ. ఆ చచ్చిపోయినవారిలో ఏ ఒక్కరి పేరూ పెట్టి ఇతను నలుసువల్ల పోయాడని ఆ పండితులు కూడా చెప్పలేరు. లెక్కపెట్టారు గనుక తెలిసింది. లెక్కపెట్టకపోతే ఆరు పట్టణాల్లోనూ మనుషులు ఎప్పటిలాగే గుండెపోటుతో పోయేవారు.

పల్లెలోంచి నడిచి ఉప్పుటేటి గట్టు మీదికి వెళ్ళాము. అక్కడినుంచి దూరాన, కరకట్టల మధ్య, బూడిద చెరువు కనిపిస్తుంది. చెరువనగానే తామరలు ఊహించుకోకండి. బొగ్గును మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరి మండిస్తారు. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుంచి 45 వంతులు బూడిదే, పైదేశాల బొగ్గులో ఇంతకంటె చాలా తక్కువ. పొగతో పైకెగిరే బూడిదను పొగగొట్టానికి చేరకముందే విద్యుత్తుతో ఆకర్షించి, ఇనుపరేకులకు అంటించి, దులిపేస్తారు. మంచి యంత్రమయితే వందకు తొంభైతొమ్మిది పాళ్ళకు పైగా పట్టేస్తుంది. తప్పించుకునే ఆ కాస్తలోనూ ఎక్కువ భాగం మనం భయపడవలసిన సన్ననలుసే కావడం విశేషం. పట్టినదాన్ని సిమెంటుకూ ఇటుకలకూ ఇస్తారు. మిగిలినదాన్ని నీటితో కలిపి చిక్కటి గంజిలాగా గొట్టాల ద్వారా ఈ చెరువులకు పంపుతారు. బరువైనది అడుగుకు చేరుతుంది. డొల్లగా ఉండే గింజలు తేలుతాయి. వైశాఖంలో చెరువు అంచులు ఎండి పగిలితే, గాలి ఆ నలుసును మళ్ళీ ఎత్తుకుంటుంది.

బూడిదలో ఉండేది ఇసుకజాతి పదార్థం, అల్యూమినా, ఇనుము. వాటితో పాటు ఆర్సెనిక్, క్రోమియం, సీసం వంటివి అణుమాత్రంగా. అణుమాత్రమే అయినా గుట్టల లెక్కన పేరుకున్నప్పుడు కొంత నీటిలోకి దిగుతుంది. మన పెద్దవాళ్ళు బురదనీరు తేర్చడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. లేదా పటిక తిప్పేవారు. ఆ రెండూ మంచి ఉపాయాలే. నీటిలో తేలే మట్టినలుసును అవి ఒకదానికొకటి అంటించి అడుగుకు దింపుతాయి. ఆ నలుసు మరుగున దాక్కునే రోగక్రిములు చాలావరకు దానితో పాటే దిగుతాయి. కలక నీటిలో క్లోరిన్ చల్లినా క్రిములు చావకపోవడానికి కారణం ఈ మరుగే. అందుకే తాగునీటి కలక ఒక ప్రమాణానికి మించరాదని ప్రభుత్వ నిబంధన. కాని, నీటిలో కరిగిపోయినదాన్ని చిల్లగింజ ఏమీ చెయ్యలేదు. తేటగా ఉన్నంతమాత్రాన మంచినీరు కాదన్న సంగతి నెల్లూరు జిల్లాకు తెలిసినంతగా మరొక జిల్లాకు తెలియదు.

ఎందుకంటే ఎముకలు వంకరలు పోయే ఫ్లోరైడు జబ్బు మన దేశంలో మొట్టమొదట గుర్తించబడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ పల్లెలు తరువాత ప్రకాశం జిల్లాలో చేరాయి. మనుషులకంటె ముందు ఎద్దుల నడకలో తేడా కనిపించిందట. తరతరాలుగా అక్కడివారు నడుములు బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, అది తమ నేల గుణమనో, పూర్వజన్మ పాపమనో సరిపెట్టుకున్నారు. మద్రాసు రాజధానినుంచి షార్ట్ అనే దొరా, ఆయనతో పాటు మరికొందరు వైద్యులూ వచ్చి, మనుషులను వరుసగా నిలబెట్టి పరీక్షించి, బావినీరు కొలిచి, కాగితం మీద పెట్టారు. నాటికి జబ్బు కొత్తది కాదు, లెక్క కొత్తది. ఫ్లోరైడు నీటిలో కరిగేది, నలుసు కాదు. కాని లెక్కపెట్టేదాకా జబ్బు జబ్బు కాలేదన్న మాట ఈ ఊరికీ వర్తిస్తుంది.

ఉప్పుటేరు దాటి దక్షిణానికి పోతే నలుసు రంగు మారుతుంది. చిల్లకూరు, కోట మండలాల తీరం పొడుగునా తెల్లని ఇసుక. గాజు కర్మాగారాలకు పోయే సిలికా ఇసుక ఇది. ఇంకా పడమటగా గూడూరు, సైదాపురం చుట్టుపట్ల అభ్రకం గనులు. పల్లెల్లో కాకిబంగారమంటారు. ఒకప్పుడు నెల్లూరు ఆకుపచ్చ అభ్రకం సముద్రాలు దాటి పోయింది. ఆ గనుల్లోనే పలుగురాయి దొరుకుతుంది. తడి ఇసుకవల్ల పెద్ద ప్రమాదం లేదు. పలుగురాయిని పొడికొట్టేచోట, ఎండిన పొడిని జల్లించేచోట లేచే తెల్లని నుసి మాత్రం బొగ్గుకంటె పాపిష్టిది. అది రొమ్ములో చేరితే అక్కడ గట్టి మచ్చలు కట్టి, ఊపిరితిత్తి తోలుబొమ్మలాగా బిరుసెక్కుతుంది. సిలికోసిస్ అంటారు. దానికి మందు లేదు. పైగా క్షయను పిలుచుకువస్తుంది. పక్కనున్న కోలారు బంగారు గనుల్లో, మన చిత్తూరు సీమవాళ్ళు ఎందరో దిగిన గనుల్లో, 1940ల్లో 7,653 మందిని పరీక్షిస్తే 3,402 మందికి ఈ జబ్బు తేలింది.

దారుణమైన మాటే అయినా, ఈ జబ్బుకు ఒక సౌకర్యం ఉన్నదని మావాడన్నాడు. ఎక్స్‌రే తీస్తే రొమ్ములో గింజలు గింజలుగా కనిపిస్తుంది. అంటే గాటు ఉన్నది. గాటున్నది గనుకనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఇది తప్పక తెలియపరచవలసిన వ్యాధుల జాబితాకెక్కింది. పనివాడికి పరిహారం అడిగే దారి కాగితం మీదనైనా దొరికింది. తీరంలోని నల్లనలుసుకు ఆ భాగ్యం లేదు.

నిబంధనలు లేవని కాదు. 2009 నాటి మన జాతీయ ప్రమాణం ప్రకారం, సంవత్సరం మొత్తం మీద సగటున, ఘనపుమీటరు గాలిలో సన్ననలుసు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఆ గీతను 5కి దించింది. రెండింటికీ ఎనిమిదింతల తేడా. అటువాళ్ళ ఊపిరితిత్తులూ ఇటువాళ్ళవీ వేరువేరా అని ఎవరయినా అడిగితే నా దగ్గర జవాబు లేదు. గొట్టంలోంచి వచ్చే బూడిద ఒక్కటే కాదు, గంధకపు పొగ కూడా గాలిలో ఎగురుతూ ఎగురుతూ కొన్ని గంటలకు నలుసుగా మారుతుంది. పుట్టినచోట పొగ, దిగినచోట నలుసు. దాన్ని పట్టే యంత్రాలు ప్రతి బొగ్గు కేంద్రమూ పెట్టుకోవాలని 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వం శాసించింది. రెండేళ్ళ గడువు. గడువు తరువాత గడువు పొడిగిస్తూ వచ్చారు. చివరకు 2025 జూలైలో దేశంలోని బొగ్గు యంత్రాల్లో మూడొంతులకు పైగా వాటికి ఆ పని తప్పించారు. పొగగొట్టం నిర్ణీత ఎత్తు ఉంటే చాలునన్నారు. ఎత్తుగా వదిలితే ఆ పల్లె తప్పించుకోవచ్చు. అది ఎక్కడ దిగుతుందో గాలికి తెలియాలి. నెల్లూరు ఎంతో దూరంలో లేదు. పగలు సముద్రపుగాలి ఊరివైపే వీస్తుంది.

ఇంట్లో కూర్చుని ఇది చదివేవారు పొగగొట్టాలు మాకు దూరమనుకుంటే అదీ పొరపాటే. తలుపులన్నీ మూసుకుని దోమల కాయిల్ ముట్టించి పిల్లల మంచం కింద పెట్టే ఇళ్ళు నాకు తెలుసు. ఒక కాయిల్ కాలేసరికి వదిలే సన్ననలుసు 75 నుంచి 137 సిగరెట్లపాటి చేస్తుందని 2003లో ఒక పరిశోధనలో తేలింది. దోమతెర వందరెట్లు నయం. ఆ పల్లెలోనయితే మావాడు చెప్పినవి మూడే. పొడిచీపురుతో ఊడవవద్దు, తడిగుడ్డతో తుడవండి. గాలి తూర్పునుంచి తిరిగితే పసిపిల్లలను లోపలికి తీసుకుని ఆ పక్క కిటికీ మూయండి. మూతికి కట్టుకునే చీరచెంగు పెద్ద దుమ్మును ఆపుతుందిగాని ఇదంతా ఆపదు, రేవులో పనిచేసేవాళ్ళు మందపాటి ఎన్-95 మాస్కు అడిగి తీసుకోండి. ఈ మూడూ చెప్పి, తనలో తాను, "ఇల్లు కాలిపోతుంటే చెంబుతో నీళ్ళు," అనుకున్నాడు.

ముసలమ్మ చూపించిన ఆ జుబ్బా మనవరాలిదట. తల్లి మళ్ళీ ఐదోనెల. "ఇంకో నలుసు పడింది నాయనా," అన్నది ముసలమ్మ, నవ్వుతూ. నేను ఉలిక్కిపడ్డాను. కడుపు పండితే మన ఇళ్ళలో ఆడవాళ్ళు అనే మాట అదే గదా. నలుసు పడడమంటే ప్రాణం పోసుకోవడం. బెల్జియం దేశంలో హాసెల్టు విశ్వవిద్యాలయంవారు 2019లో ప్రకటించిన సంగతి మావాడు అప్పుడు చెప్పలేదు. వాళ్ళ ఎదుట చెప్పడం ఇష్టం లేక, కారెక్కేటప్పుడు చెప్పాడు. తల్లులు పీల్చిన మసినలుసు రొమ్ము దాటి, నెత్తురు దాటి, మాయలో బిడ్డవైపు భాగానికి చేరడం వాళ్ళు సూక్ష్మదర్శినిలో చూశారు. తల్లి ఉండే వీధిలో పొగ ఎంత ఎక్కువయితే మాయలో నలుసు అంత ఎక్కువ.

మేము బయలుదేరే ముందు జరిగింది కూడా చెప్పాలి. మావాడు సంచిలోంచి ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం తీశాడు. నోట పెట్టుకుని బలంకొద్దీ ఊదితే, పక్కనున్న ముల్లు జరిగి, రొమ్ములో గాలి ఎంత వేగంగా బయటికి పోతున్నదో అంకె చూపిస్తుంది. ఖరీదయిన వస్తువు కాదు. ఆరునెలలకొకసారి వచ్చి, ఇంటింటికీ తిరిగి, అందరి అంకెలూ రాసుకుంటాడట. ఇది మూడోసారి. ఏ కంపెనీకి గాని, ఏ ఆఫీసుకు గాని ఇంకా చూపించలేదు. "అయిదేళ్ళు కానీ, అప్పుడు చూపిస్తా," అన్నాడు.

గొట్టం చూడగానే వీధిలో పిల్లలంతా చుట్టూ మూగారు. వాళ్ళకది పీపీ. నేను అరుగు మీద కూర్చుని, పొడుగాటి అకౌంటు పుస్తకంలో పేరు, వయస్సు, ఎత్తు, అంకె రాశాను. నా దస్తూరి బాగుంటుందని మావాడు నాకా పని అప్పగించాడు. బుగ్గలు పూరించి ఒకడు, కళ్ళు మూసుకుని మరొకడు ఊదారు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె మూడుసార్లు ఊదింది. మూడుసార్లూ ముల్లు ఆ ఎత్తు పిల్లకు రావలసినచోటికి రాకుండా ఆగిపోయింది. ఆ పిల్లకది తెలియదు. అన్నను ఓడించలేకపోయానని దాని బాధ. "ఇంకొక్కసారి సార్, ఈసారి గట్టిగా," అంటూ గొట్టం వదలలేదు. మావాడు వదలమనలేదు. నేను నాలుగో అంకె రాసుకున్నాను.